పొంగేదంతా షాంపేన్ కాదు

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి విశాఖలో బేకరీల ముందు ప్లమ్ కేకుల బల్లలు వెలుస్తాయి. జగదాంబ దగ్గర బట్టల షాపుల్లో కాలు పెట్టే చోటుండదు. మద్యం షాపుల్లో ఏడాదంతా ఎవరూ కన్నెత్తి చూడని ఒక అరకి గిరాకీ మొదలవుతుంది. పేరుకి అవి వైన్ షాపులే గానీ బీరు, విస్కీ, బ్రాందీ పోగా వైన్‌కి మిగిలేది ఓ మూల. ఆ మూలలో మెడకి బంగారు రంగు రేకు, బిరడా మీద తీగ చుట్టిన బరువైన సీసాలు నాలుగైదు నిలబడి ఉంటాయి. "షాంపేన్ ఉందా తమ్ముడూ?" అంటే కౌంటర్ దగ్గరి కుర్రాడు చేతికందింది తీసి పెడతాడు. వీటికి తేడా ఏంటని అడిగితే, "ఏదైనా ఒకటేనండి, అన్నీ పొంగుతాయి" అంటాడు.

పొంగడం వరకైతే అతను చెప్పింది నిజమే. తేడా తాగేటప్పుడు తెలుస్తుంది. ఒకటి పళ్లు జివ్వుమనేంత పుల్లగా ఉంటుంది, ఒకటి పానకమంత తియ్యగా ఉంటుంది, ఒకటి గ్లాసులో పోసిన ఐదు నిమిషాలకే చప్పబడిపోతుంది. ఖరీదైన సీసా కొన్నవాళ్లు "దీనికా ఇంత డబ్బు పెట్టాం" అనుకోవడమూ మామూలే. బ్రాండు పేరు చూసి కొనడం వల్లే ఇదంతా అని నా అభిప్రాయం. బ్రాండు చివర్లో చూడాలి. ముందు చూడాల్సినవి మూడు: అందులో బుడగ ఎలా పుట్టింది, తీపి ఎంత, మన చేతికి వచ్చేలోపు ఆ సీసా ఎంత వేడి చూసింది. విశాఖ లాంటి ఊళ్లో ఈ మూడోది చెడితే మొదటి రెండూ ఎంత బాగున్నా లాభం లేదు.

బుడగ పుట్టేది ఎక్కడ

ద్రాక్షరసంలోని చక్కెరని ఈస్ట్ తినేసినప్పుడు ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ రెండూ పుడతాయి. మామూలు వైన్‌లో ఆ గ్యాస్‌ని గాలిలోకి వదిలేస్తారు. బయటికి పోనివ్వకుండా వైన్‌లోనే బంధిస్తే అది స్పార్క్లింగ్ వైన్. ఎక్కడ బంధించారన్న దాన్ని బట్టే రుచి మారుతుంది, ధరా మారుతుంది.

ఉన్న పద్ధతుల్లో కష్టమైనది సీసాలోనే బంధించడం. ముందు పలచగా, పుల్లగా ఉండే మామూలు వైన్ తయారుచేస్తారు. దాన్ని సీసాల్లో నింపి, లీటరుకి సుమారు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్ట్ కలిపి మూత బిగిస్తారు. చల్లటి నేలమాళిగలో ఆ సీసాలు పడుకుని ఉండగా లోపల రెండోసారి పులియడం జరుగుతుంది. గ్యాస్‌కి బయటపడే దారి లేక వైన్‌లో కలిసిపోతుంది. చివరికి సీసాలో ఒత్తిడి సుమారు 6 అట్మాస్ఫియర్లకి చేరుతుంది. మన కారు టైరులో ఉండేదానికి దాదాపు మూడు రెట్లు. సీసా అంత మందంగా ఎందుకుంటుందో, బిరడాకి తీగ ఎందుకు కడతారో దీన్నిబట్టే తెలుస్తుంది.

అసలు రుచి తయారయ్యేది ఆ తర్వాత. చక్కెర అయిపోయాక ఈస్ట్ చనిపోయి సీసా అడుగున మడ్డిగా పేరుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ ఆ కణాలు విచ్ఛిన్నమై వైన్‌లోకి దిగుతాయి. మంచి షాంపేన్ వాసన చూసినప్పుడు తగిలే కాల్చిన బ్రెడ్, బిస్కెట్, వేయించిన జీడిపప్పు వాసనలు అక్కడివే. షాంపేన్ కనీసం 15 నెలలు సీసాలో ఉండాలని చట్టం. అందులో 12 నెలలు మడ్డితో కలిసే ఉండాలి. ఒకే ఏడాది పంటతో చేసి, ఆ సంవత్సరాన్ని లేబుల్ మీద వేసే వింటేజ్ రకాలకి మూడేళ్లు. పేరున్న కంపెనీలు ఇంకా ఎక్కువే ఉంచుతాయి.

తర్వాత ఆ మడ్డిని తియ్యాలి. సీసాలని రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ తలకిందులు చేస్తే మడ్డి అంతా మెడలోకి జారుతుంది. దానికోసం కన్నాల బల్ల వాడటం 19వ శతాబ్దం మొదట్లో క్లికో అనే ఆవిడ కంపెనీలో మొదలైందంటారు. ఆవిడ 27 ఏళ్లకే భర్తని పోగొట్టుకుని వ్యాపారం చేతిలోకి తీసుకున్న మనిషి. పసుపుపచ్చ లేబుల్‌తో వచ్చే వ్యూవ్ క్లికో సీసా మీద ఉన్నది ఆవిడ పేరే. ఇప్పుడు సీసాలు తిప్పే పని చాలావరకు యంత్రాలదే. మెడని గడ్డకట్టించి మూత తీస్తే లోపలి ఒత్తిడికి మడ్డి మంచుముక్కతో సహా బయటికి ఎగిరిపోతుంది. ఆ ఖాళీని వైన్, చక్కెర కలిపిన ద్రావణంతో నింపి అసలు బిరడా బిగిస్తారు. ఎంత చక్కెర కలిపారన్నదే తర్వాత తీపిని తేలుస్తుంది.

రెండో పద్ధతిలో ఇంత కష్టం లేదు. రెండోసారి పులియబెట్టడం పెద్ద స్టీలు ట్యాంకులో, ఒత్తిడి కింద చేసేస్తారు. 1895లో మార్తినోత్తి అనే ఇటలీ ఆయన పేటెంట్ తీసుకున్న ఈ పద్ధతిని తర్వాత షార్మా అనే ఫ్రెంచి ఆయన మెరుగుపరిచాడు. ఇటలీలో చేసే ప్రొసెకో అనే వైన్ ఇలా తయారయ్యేదే. మడ్డితో ఎక్కువకాలం కాపురం ఉండదు కాబట్టి బ్రెడ్డు వాసనలు రావు. పచ్చి ఆపిల్, బేరిపండు, పువ్వుల వాసన తాజాగా నిలుస్తుంది. ట్యాంకు అనగానే చవకబారు అనుకోనక్కర్లేదు. ప్రొసెకోకి వాడే గ్లెరా ద్రాక్షకి ఆ తాజాదనమే అందం. ఏళ్ల తరబడి మడ్డి మీద ఉంచితే ఆ అందం పోతుంది.

మూడోది కార్బన్ డయాక్సైడ్‌ని నేరుగా వైన్‌లోకి ఎక్కించడం. గోలీసోడా చేసే పద్ధతే. బుడగలు పెద్దవిగా వచ్చి తొందరగా చచ్చిపోతాయి. లేబుల్ మీద కార్బొనేటెడ్ అని కనిపిస్తే ఇదే. కేకు కోసేటప్పుడు సరదాగా పొంగించడానికి పనికొస్తుంది. కూర్చుని రుచి చూడ్డానికి కాదు.

బేకరీల్లో, సూపర్ మార్కెట్లలో షాంపేన్ సీసా ఆకారంలోనే దొరికే మరో రకం ఉంది. అది ఆల్కహాల్ లేని ద్రాక్షరసం. పిల్లల పుట్టినరోజులకి పొంగించేది అదే. తాగనివాళ్లు, మందులు వాడేవాళ్లు ఉన్న ఇంట్లో రెండు సీసాలు అవి కూడా ఉంచడం మర్యాద. కాకపోతే బాగా చల్లగా ఇవ్వాలి, లేకపోతే తీపి మొహం మొత్తుతుంది.

పేర్ల గందరగోళం

షాంపేన్ అన్నది ఫ్రాన్స్ ఈశాన్యంలో రాన్స్, ఎపెర్నే పట్టణాల చుట్టూ ఉన్న ప్రాంతం. అక్కడి ద్రాక్షతో, అక్కడే, సీసాలో పొంగించే పద్ధతిలో చేసిందే షాంపేన్. ముఖ్యంగా మూడు రకాల ద్రాక్ష వాడతారు: షార్డొనే, పినో నువార్, మ్యూనియే. ఇందులో చివరి రెండూ నల్ల ద్రాక్షలే, తొక్క రంగు దిగకుండా మెల్లగా పిండి రసం తీస్తారు. తెల్ల ద్రాక్షతో మాత్రమే చేస్తే లేబుల్ మీద బ్లాంక్ ద బ్లాంక్ అని, నల్ల ద్రాక్షతో మాత్రమే చేస్తే బ్లాంక్ ద నువార్ అని రాస్తారు. మొదటిది పలచగా, నిమ్మ పులుపుతో పదునుగా ఉంటుంది. రెండోది కాస్త నిండుగా ఉంటుంది.

దోమ్ పెరిన్యోన్ అనే సన్యాసి షాంపేన్ కనిపెట్టాడని, "నక్షత్రాలు తాగుతున్నా" అని అరిచాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ బాగుంది గానీ నిజం కాదు. ఆయన 1668 నుంచి ఓవిల్లె మఠంలో వైన్ వ్యవహారాలు చూసిన మాట వాస్తవం. ద్రాక్షలు కలపడంలో గొప్ప నేర్పరి కూడా. కానీ ఆ రోజుల్లో బుడగ వస్తే లోపం కింద లెక్క, సీసాలు పగిలిపోయేవి. ఆయన ఆ మఠానికి రాకముందే, 1662లో, ఇంగ్లండులో క్రిస్టఫర్ మెరెట్ అనే శాస్త్రవేత్త చక్కెర కలిపి వైన్‌ని పొంగించే పద్ధతి గురించి రాయల్ సొసైటీకి రాసి ఇచ్చాడు.

ఫ్రాన్స్‌లోనే షాంపేన్ బయట, అల్జాస్, లువార్, బుర్గోన్య్ వంటి చోట్ల, అదే పద్ధతిలో చేసేవాటిని క్రెమాన్ అంటారు. స్పెయిన్‌లో, ఎక్కువగా కాటలోనియాలో, చేసేది కావా. అది కనీసం 9 నెలలు మడ్డితో ఉంటుంది. రెసెర్వా అని ఉంటే 18 నెలలు, గ్రాన్ రెసెర్వా అని ఉంటే 30. ఇటలీలో ఫ్రాంచాకోర్తా కూడా సీసా పద్ధతే. పెట్టిన డబ్బుకి దక్కే రుచి లెక్కన చూస్తే నా ఓటు కావా రెసెర్వాకి, క్రెమాన్‌కి. షాంపేన్ పేరుకి పెట్టే అదనపు డబ్బు వాటిలో మిగులుతుంది. మన ఊళ్లో ఎప్పుడూ దొరుకుతాయని చెప్పలేం. విదేశాల నుంచి వచ్చే చుట్టాలుంటే చెప్పి తెప్పించుకోవడం ఒక దారి. బయటి దేశం నుంచి వచ్చే ప్రయాణికుడు రెండు లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు.

దిగుమతి సీసా ధర మన షాపుకి వచ్చేసరికి ఎందుకు చుక్కలనంటుతుందంటే, విదేశీ వైన్ మీద మన దేశం ఏళ్లుగా వేస్తూ వచ్చిన సుంకం 150 శాతం. దాని మీద రాష్ట్రం పన్నులు, మధ్యవాళ్ల లాభాలు. పారిస్ సూపర్ మార్కెట్లో మామూలుగా కొనుక్కునే షాంపేన్ ఇక్కడికొచ్చేసరికి పెళ్లికి పెట్టే ఖర్చులా కనిపించడానికి కారణం అదే. సీసాలో ఉన్న వైన్ మాత్రం అదే.

అందుకే మన దేశంలోనే, మహారాష్ట్రలోని నాసిక్‌లో తయారయ్యే సీసాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన దేశంలో సీసాలో పొంగించే పద్ధతికి నాంది 1980ల్లో పూణే జిల్లా నారాయణ్‌గావ్‌లో పడింది. అక్కడి షాతో ఇండాజ్ కంపెనీ ఫ్రెంచి నిపుణుల సాయంతో ఒమర్ ఖయ్యాం పేరుతో చేసిన వైన్ విదేశాల్లోనూ అమ్ముడైంది. తర్వాత ఆ కంపెనీ మూతపడింది గానీ మహారాష్ట్రలో ద్రాక్షతోటలు వైన్ వైపు తిరిగాయి. సూలా, షాండన్, ఫ్రతేలీ, గ్రోవర్ జంపా, యార్క్ వంటి కంపెనీలు ఇవాళ స్పార్క్లింగ్ చేస్తున్నాయి. షాండన్ 2013లో నాసిక్ వైన్‌తో మన మార్కెట్‌లోకి వచ్చింది. ఇది షాంపేన్‌లో 1743లో పుట్టిన మొయెట్ ఎ షాండన్ వాళ్ల బంధువే గానీ షాంపేన్ కాదు. ఆ రెండిటి లేబుళ్లు చూసి తికమకపడి, ఫ్రెంచి సీసా చవగ్గా దొరికిందని సంబరపడేవాళ్లు ప్రతి డిసెంబరులోనూ ఉంటారు.

సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న నాసిక్‌లో పగలు ఎండ, రాత్రి చలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో కొమ్మలు కత్తిరిస్తే జనవరి నుంచి మార్చి లోపు కోతకొస్తుంది. స్పార్క్లింగ్‌కి పులుపు ప్రాణం కాబట్టి ఆ కాయలు బాగా తియ్యబడకముందే ముందుగా కోసేస్తారు. ఎక్కువగా వాడేది చెనిన్ బ్లాంక్ అనే ద్రాక్ష. వేడి ప్రాంతంలో కూడా పులుపు నిలుపుకోవడం దాని గుణం. రుచిలో పచ్చి ఆపిల్, ఒక్కోసారి దోరజామ తగులుతాయి. షాంపేన్‌లో ఉండే లోతు వీటిలో ఉండదు, ఉంటుందని చెప్పేవాళ్లని నమ్మొద్దు. కానీ తాజాగా ఉన్న నాసిక్ బ్రూట్ (తీపి తక్కువ రకం) సీసా ఒకటి చల్లగా చేసి, వేయించిన చేపతో పెడితే అది ఏ ఫ్రెంచి సీసాకీ తలదించుకోనక్కర్లేదు.

బ్రూట్, ఎక్స్‌ట్రా డ్రై, డెమి సెక్

జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఎక్స్‌ట్రా డ్రై అని ఉన్న సీసా, బ్రూట్ అని ఉన్న సీసా పక్కపక్కన ఉంటే ఏది తియ్యగా ఉంటుంది? వైన్ భాషలో డ్రై అంటే తీపి లేనిదని అర్థం కాబట్టి చాలామంది బ్రూట్ అంటారు. నిజానికి ఎక్స్‌ట్రా డ్రైయే తీపి ఎక్కువ.

వరస ఇది. బ్రూట్ నేచర్ అంటే లీటరుకి 3 గ్రాముల లోపు చక్కెర, అదీ పైనుంచి కలపకుండా. ఎక్స్‌ట్రా బ్రూట్ 6 గ్రాముల లోపు. బ్రూట్ 12 లోపు. ఎక్స్‌ట్రా డ్రై 12 నుంచి 17. ఉత్త డ్రై, అంటే సెక్, 17 నుంచి 32. డెమి సెక్ 32 నుంచి 50. అది దాటితే డూ. 19వ శతాబ్దంలో షాంపేన్ అంటే మిఠాయితో సమానంగా తియ్యగా ఉండేది. కొనేవాళ్ల నోరు మారేకొద్దీ తీపి తగ్గిస్తూ పోయారు, అప్పటికే డ్రై అనే మాట తియ్యటి రకాలకి వాడేసి ఉండటంతో ఇంకా తీపి తక్కువదానికి వేరే పేరు వెతుక్కోవాల్సి వచ్చింది. లండన్ కొనుగోలుదార్ల కోసం పొమ్మెరీ కంపెనీ 1874లో తెచ్చిన రకం ఆ మార్పుకి పెద్ద మలుపు.

ఇవి చూసి భయపడక్కర్లేదు. 150 మిల్లీలీటర్ల గ్లాసు బ్రూట్‌లో ఉండే చక్కెర మహా అయితే 1.8 గ్రాములు, అంటే అర టీస్పూను కూడా కాదు. డెమి సెక్‌లో 7.5 గ్రాముల దాకా ఉంటుంది. అదే గ్లాసు నిండా కోలా పోస్తే సుమారు 16 గ్రాములు. ఇటలీ మొస్కాతో దాస్తి లాంటి తియ్యటి రకాల్లో లీటరుకి 100 గ్రాములు దాటడం మామూలే, ఆల్కహాల్ మాత్రం 5 శాతం దగ్గరే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు బ్రూట్‌లో చక్కెర తక్కువే కదా అని ధైర్యం చెయ్యొద్దు. ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతుంటే ఆల్కహాల్ చక్కెరని మరీ కిందికి దించేయొచ్చు. డాక్టరునే అడగాలి.

ఇంట్లో వైన్ అలవాటు లేనివాళ్లే ఎక్కువమంది ఉంటే ఏం కొనాలి? బ్రూట్ గొప్పదని నేర్చుకుని వచ్చినవాళ్లు అందరికీ అదే పోస్తారు. పెద్దత్త ఒక్క గుక్క తాగి "ఏటిది, ఇంత పుల్లగా ఉంది" అని గ్లాసు పక్కన పెట్టేస్తుంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అలాంటి చోట ఎక్స్‌ట్రా డ్రై ప్రొసెకో గానీ డెమి సెక్ గానీ తీసుకుంటే గ్లాసులు ఖాళీ అవుతాయి.

సీసా చూసిన ఎండ

విశాఖలో డిసెంబరు పగలు 28 డిగ్రీల దగ్గర ఉంటుంది, హాయిగానే ఉంటుంది. కానీ మీరు డిసెంబరులో కొనే సీసా ఆ షాపుకి డిసెంబరులోనే వచ్చిందన్న హామీ లేదు. స్పార్క్లింగ్ అమ్ముడయ్యేది ఏడాదిలో రెండు వారాలు. పోయిన న్యూ ఇయర్‌కి మిగిలింది ఏప్రిల్, మే ఉక్కంతా ఏసీ లేని గోడౌన్‌లో అనుభవించి మళ్లీ ఈ డిసెంబరుకి ముందు వరసలోకి వచ్చి ఉండొచ్చు. వైన్ కుదురుగా ఉండేది 10 నుంచి 15 డిగ్రీల దగ్గర. నెలల తరబడి 35 డిగ్రీల్లో ఉంటే పండు వాసన పోతుంది, రంగు ముదురుతుంది, బిరడా పట్టు వదిలి గ్యాస్ తగ్గుతుంది. ఎంత గొప్ప పేరున్న సీసా అయినా ఇంతే.

కాబట్టి సీసాని చేతిలోకి తీసుకుని చూడాలి. మన దేశపు సీసా అయితే వెనక లేబుల్ మీద నింపిన నెల, సంవత్సరం వెతకండి. ఏడాది లోపుదైతే నిశ్చింత. దిగుమతిదైతే ఇంపోర్టర్ స్టిక్కరు ఒకటి అతికించి ఉంటుంది, తేదీ ఉంటే దాని మీదే. తర్వాత మెడ దగ్గర లైటుకి ఎత్తిపట్టి చూడండి. వైన్ మట్టం పక్క సీసాల కంటే కిందికి ఉంటే బిరడా కారుతోందని అర్థం. రేకు కింద జిగురుగా తగిలినా అంతే. అనుమానం వస్తే వెనక వరసలోదో, లోపల అట్టపెట్టెలో ఉన్నదో ఇమ్మని అడగండి. గిరాకీ ఉన్న రోజు విసుక్కుంటారు గానీ ఇస్తారు.

వెలుతురు సంగతి చాలామందికి తెలియదు. ఎండలోని, ట్యూబులైటులోని అతినీల, నీలి కిరణాలు వైన్‌లోని పదార్థాలతో కలిసి గంధకపు వాసనలు పుట్టిస్తాయి. ఉడికిన క్యాబేజీ వాసన వస్తే అదే. ముదురాకుపచ్చ సీసా కొంత కాపాడుతుంది, తెల్ల గాజు అస్సలు కాపాడదు. లూయీ రోడరర్ వాళ్ల క్రిస్టల్ షాంపేన్ తెల్ల గాజులో వస్తుంది కాబట్టే దానికి పసుపు రంగు పారదర్శక కాగితం చుట్టి అమ్ముతారు. మన షాపుల్లో అందం చూపించడానికి గులాబీ రంగు రోజే సీసాలని తెల్ల గాజులో, సరిగ్గా లైటు కింద పెడతారు. నేనైతే ఆ పై వరస సీసా తీసుకోను.

ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. తలుపులో వద్దు, తీసినప్పుడల్లా ఊగుతుంది. నెలల తరబడి దాచుకునే ఆలోచన అసలే వద్దు. మామూలు రకాలు దాచుకుంటే బాగుపడవు, కంపెనీ దాచాల్సినంత దాచాకే అమ్ముతుంది.

వంజరం ఉండగా చీజ్ ఎందుకు

స్పార్క్లింగ్‌తో చీజు, స్ట్రాబెర్రీలు పెట్టాలని ఎవరు చెప్పారో గానీ, స్ట్రాబెర్రీ తీపికి బ్రూట్ మరింత పుల్లగా అనిపిస్తుంది. ఈ వైన్‌కి ఉప్పు, నూనె, సముద్రపు రుచి అంటే ప్రాణం. అవి మన దగ్గర కొదవా? ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరం ముక్కకి ఉప్పు, పసుపు, కొంచెం మిరియం పట్టించి పెనం మీద వేయించి నిమ్మకాయ పిండితే బ్రూట్‌కి అంతకంటే జత లేదు. నూనె నాలుకని కప్పుతుంది, పులుపూ బుడగలూ కలిసి దాన్ని కడిగేస్తాయి, ఇంకో ముక్క కోసం చెయ్యి వెళ్తుంది. చందువ వేపుడు, పల్చటి పిండిలో ముంచి వేయించిన రొయ్యలు, ఉప్పు చల్లిన జీడిపప్పు, ఉల్లిపాయ పకోడీ, అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. అరకు బొంగు చికెన్‌లో నూనె లేకపోయినా వెదురు పొగ వాసనకి నల్ల ద్రాక్షతో చేసిన రకాలు బాగుంటాయి.

చిక్కు కారంతో. బుడగల్లోని కార్బన్ డయాక్సైడ్ నోటి తడికి కార్బోనిక్ ఆమ్లంగా మారి నొప్పిని పసిగట్టే నరాలని తాకుతుంది. సోడా తాగితే గొంతులో జివ్వుమనేది అందుకే. మిరపకాయ కూడా తాకేది అలాంటి నరాలనే, ఆల్కహాల్ ఆ మంటని పెంచుతుంది. గుంటూరు కారం దట్టించిన రొయ్యల ఇగురు మీద ఎముకలు కొరికేంత చల్లటి బ్రూట్ తాగితే మంట ఆరదు, రాజుకుంటుంది. కారం తప్పదనుకుంటే ఎక్స్‌ట్రా డ్రై ప్రొసెకోకి గానీ డెమి సెక్‌కి గానీ వెళ్లండి, తీపి మంటని కొంత తగ్గిస్తుంది. ముర్రీ మిక్చర్‌తో బాగానే ఉంటుంది, పచ్చిమిర్చి తగ్గించమని చెప్పి చేయించుకుంటే.

తీపితో సూత్రం ఒక్కటే. వైన్ తినేదానికంటే తియ్యగా ఉండాలి, లేకపోతే వైన్ ఓడిపోతుంది. ప్లమ్ కేకుతో డెమి సెక్ గానీ మొస్కాతో దాస్తి గానీ సరిపోతుంది. మాడుగుల హల్వా, అరిసెలు మాత్రం ఏ వైన్‌కీ లొంగవు. వాటిని వాటి మానాన తిని, వైన్ ముందే తాగెయ్యడం మేలు.

తియ్యడం, పొయ్యడం

తాగే వేడిమి 6 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో అయితే కనీసం మూడు గంటలు. టైము లేకపోతే బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు పోసి గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి సీసాని మెడ దాకా ముంచండి, అరగంటలో సిద్ధం. ఉత్త ఐసు మాత్రమే వేస్తే మధ్యలో గాలి ఉండి ఆలస్యమవుతుంది. డీప్ ఫ్రీజరులో పెట్టి మర్చిపోతే సీసా పగలొచ్చు.

చల్లబడని సీసా తియ్యడం ప్రమాదం. వేడికి ఒత్తిడి పెరుగుతుంది, బిరడా గంటకి 80 కిలోమీటర్ల వేగం దాకా వెళ్లగలదు. కంటికి తగిలితే చూపు పోవచ్చు. సీసాని ఊపి బిరడాని గాల్లోకి వదిలే సరదా క్రికెట్ మైదానాల్లో చూడ్డానికి బాగుంటుంది గానీ, ఇరుకు హాల్లో పిల్లల మధ్య వద్దు. రేకు తీసేశాక తీగని సాధారణంగా ఆరు అర్ధచుట్లు తిప్పితే వదులవుతుంది. ఆ క్షణం నుంచి బొటనవేలు బిరడా మీంచి తియ్యకూడదు. సీసాని 45 డిగ్రీలు వంచి, మనుషులు లేని గోడ వైపు పెట్టి, బిరడాని గట్టిగా పట్టుకుని సీసానే మెల్లగా తిప్పాలి. బిరడా తోసుకొస్తుంటే అడ్డుకుంటూ రానివ్వాలి. ఢాం అనకుండా చిన్నగా ఉస్సుమంటే సరిగ్గా తీసినట్టు. ఆ ఢాం శబ్దంతో పోయేది మీరు డబ్బిచ్చి కొన్న గ్యాసే.

గ్లాసుల్లో బుడగలు లేచే చోటు గాజు కాదు, గాజుకి అంటుకున్న సన్నటి నూలు పోగులు, దుమ్ము కణాలు. రాన్స్ విశ్వవిద్యాలయంలో ఈ బుడగల మీదే పరిశోధన చేసే జెరార్ లిజే బెలేర్ లెక్క ప్రకారం ఒక గ్లాసు షాంపేన్ నుంచి సుమారు పది లక్షల బుడగలు లేస్తాయి. గిన్నెల సబ్బు జిడ్డు మిగిలి ఉంటే మాత్రం నురగ నిలవదు. అందుకని గ్లాసులు వేడినీళ్లతో కడిగి పొడి నూలుగుడ్డతో తుడవండి. సన్నటి పొడుగు గ్లాసే కావాలనేం లేదు, మామూలు వైట్ వైన్ గ్లాసులో వాసన ఇంకా బాగా తెలుస్తుంది. నోరు వెడల్పాటి పళ్లెం లాంటి గ్లాసులు ఫొటోలకి తప్ప పనికిరావు.

ఒక సీసాకి ఐదు గ్లాసులు, చిన్నగా పోస్తే ఆరు. ఆల్కహాల్ లెక్కన చూస్తే 12 శాతం వైన్ సీసా మొత్తంలో సుమారు 71 గ్రాములుంటుంది. 650 మిల్లీలీటర్ల 5 శాతం బీరు సీసాలో సుమారు 26. ఒక్కరే వైన్ సీసా ఖాళీ చేస్తే దాదాపు మూడు పెద్ద బీర్లు తాగినట్టు. పైగా బుడగల వల్ల ఆల్కహాల్ రక్తంలోకి తొందరగా చేరుతుంది. మోటారు వాహనాల చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, మొదటిసారి దొరికితే పదివేల రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. డిసెంబరు 31 రాత్రి బీచ్ రోడ్డు చుట్టూ పోలీసులు ఎలాగూ ఉంటారు. ఆర్‌కే బీచ్‌లో ఇసక మీద సీసా తియ్యడం కుదరదు, బహిరంగంగా తాగడం నేరం. రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి.

మిగిలిన సీసాలో వెండి చెంచా దించితే గ్యాస్ పోదనే నమ్మకం ఒకటుంది, దానివల్ల ఏమీ జరగదు. సీసా చల్లగా ఉండటం వల్లే కొంత గ్యాస్ నిలుస్తుంది. స్పార్క్లింగ్ సీసాలకని అమ్మే బిగుతు మూత ఒకటి కొనుక్కుంటే ఫ్రిజ్‌లో మర్నాటి దాకా బాగానే ఉంటుంది. అప్పటికీ తాగకపోతే బుడగ ఎటూ పోతుంది, పులుపు మాత్రం మిగిలే ఉంటుంది. వెన్న, వెల్లుల్లి వేసి రొయ్యలు వేయించేటప్పుడు చివర్లో అరకప్పు పోసి ఇగరనిస్తే సరి.